వకాల్తా ఎవరిచ్చారు సామీ?

రొయ్యకు నోరు లేదు. అయినా ఈ దేశంలో దానికి దొరికినంత మంచి వకీళ్ళు మరే జీవికీ దొరకలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో, పోటు గీతకు 500 మీటర్ల లోపున్న రొయ్యల చెరువుల్ని తీసేయమంది. పులికాట్ సరస్సు చుట్టూ అయితే 1000 మీటర్లు. సంప్రదాయ పద్ధతిలో సాగేవి పోను, మిగతావాటికి 1997 మార్చి 31 గడువు. తీర్పు వచ్చింది, గడువు పోయింది, చెరువులు ఉన్నాయి.

2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో 27వ సెక్షను చదివితే గడుసరి కరణం కూడా లేచి దణ్ణం పెడతాడు. తీర నియంత్రణ నిబంధనలు ఈ సాగుకు వర్తించవన్న ముక్క 1991 ఫిబ్రవరి 19 నుంచీ అక్కడ రాసే ఉన్నట్టు భావించాలట! చట్టం పద్నాలుగేళ్ళు వెనక్కి నడిచి వెళ్ళి మరీ రొయ్య చెయ్యి పట్టుకుంది. చెరువుల ఉప్పు ఊరబావిలో దిగిందని మొత్తుకున్నవాళ్ళ కోసం అంతదూరం నడిచిన వకీలు ఒక్కడూ లేడు.

ఈ ‘వకాల్తా’ అన్న మాట అరబ్బీ సరుకు. పని అప్పగించడం అని దానర్థం. పారశీ దర్బార్ల మీదుగా మన కచేరీల్లోకి వచ్చింది. అప్పగించేవాడు ఒకడుంటేనే ఆ మాటకు ప్రాణం. ఇంగ్లిషు అడ్వకేటు పుట్టుక కూడా అదే తీరు, లాటిన్‌లో సాయానికి పిలిపించుకున్నవాడని. కోర్టు సంగతికొస్తే, కక్షిదారు సంతకమో వేలిముద్రో పడిన వకాల్తానామా లేనిదే నల్లకోటు అతని వ్యవహారం నడపడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడ్ రాసిపెట్టింది. మన జనానికి ఇదంతా ముందే తెలుసు. ‘వాడికి నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావ్?’ అన్నది తెలుగులో తిట్టే కదా!

ఇక మన నెల్లూరు తీరంలో ప్రాజెక్టుల మీద ప్రజాభిప్రాయ సేకరణ చూసి తరించండి. ముత్తుకూరు మండలానికి ఇది కొత్త తంతు కాదు. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలైంది, పక్కన నేలటూరులో సంజీవయ్య పేరిట థర్మల్ కేంద్రం లేచింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చోవాలి, వీడియో తీయాలి. అన్నీ జరుగుతాయి. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, కుర్చీలకూ వేదికకూ నడుమ కర్రల కంచె, కంచె దగ్గర పోలీసులు. ముందు వరసల్లో మడత నలగని చొక్కాలు. మైకు మొదట అటే పోతుంది. ‘మా ప్రాంత ప్రజలందరి తరఫున ఈ ప్రాజెక్టును మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం.’ ఏ ప్రాంతం, ఏ ప్రజలు అని అడగడం అమర్యాద. రెండో ఆయనా అదే వాక్యం, అదే చోట దగ్గు. మూడో ఆయన చీటీ తిరగేసి పట్టుకున్నా సరిగ్గానే చదువుతాడు. వ్యతిరేకించేవాళ్ళలోనూ పట్నం నుంచి కారులో దిగి, ఊరి పేరు పక్కవాణ్ణి అడిగి, ఆనక ‘నా మత్స్యకార సోదరులారా’ అని గొంతు పెంచే పెద్దమనుషులు ఉంటారు. చివర్న, వల భుజాన వేసుకుని నిలబడ్డ మనిషికి మైకు అందేసరికి, టైమైపోయింది రెండు ముక్కల్లో చెప్పమంటారు. ఆ మనిషి ఊళ్ళో దురాయి, అంటే ఊరి కట్టుబాటు, పడితే పడవ కదలదు. మాట కట్టుబాటు తెలిసిన జాతికి మాట్లాడ్డం రాదని ఇందరు వకీళ్ళు! (ఆ దురాయిలో ఆడవాళ్ళ మాటకు చోటెంతన్నది వేరే తగువు.)

2021 మేలో కరోనాకు ఆనందయ్య ఇచ్చే నాటుమందు కోసం జనం కృష్ణపట్నానికి ఎగబడ్డప్పుడూ ఇంతే. ఆయుర్వేదానికి ఒకరు, అల్లోపతికి ఒకరు, తెలుగువాడి తెలివికి మరొకరు టీవీల్లో వకాల్తా పుచ్చుకున్నారు. ఎండలో బారుతీరి ఆయాసపడే రోగి తరఫున మాట్లాడేందుకు ఎవరికీ తీరికలేదు.

అడగకుండా ముందుకొచ్చినవాళ్ళంతా దొంగలేనా అంటారా? పొట్టి శ్రీరాములు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని నిరాహారదీక్షకు కూర్చున్నారు. నినాదాలు రాసిన అట్టలు మెడలో వేసుకుని, చెప్పుల్లేకుండా మండుటెండలో వీధులు తిరిగారు. ఊరు పిచ్చివాడంది. ఆయనకూ ఎవరూ వకాల్తానామా రాసివ్వలేదు. కానీ ఆ వకీలు ఫీజు కక్షిదారు దగ్గర తీసుకోలేదు, సొంత కడుపులోంచి కట్టాడు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో 1952 డిసెంబరు 15న ప్రాణమే కట్టాడు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఏటా విగ్రహానికి దండ వేసి, ఆయన ఆశయాల తరఫున మాట్లాడేవాళ్ళు కడుపునిండా తిని వస్తున్నారు.

వకీలే లేకుండా నెగ్గినవాళ్ళూ ఉన్నారు. దూబగుంట సముద్రం ఒడ్డు ఊరు కాదు గానీ మన జిల్లాదే. తొంభైల మొదట్లో అక్షర దీపం బడిలో నాలుగక్షరాలు నేర్చిన కూలి ఆడవాళ్ళు, రోశమ్మ ముందుండగా, సారా కొట్టు మూయించారు. వకీలూ లేడు, ప్రతినిధీ లేడు, తమ సంసారాలకు తామే హాజరు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. వకీళ్ళు అప్పుడు దిగారు. 1995లో అక్కచెల్లెళ్ళ తరఫున సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో ఖజానా తరఫున ఎత్తేశారు. రెండుసార్లూ వకాల్తా ఏలినవారిదే.

అందుకని తీరం ఊళ్ళవాళ్ళకు ఒక్క విన్నపం. ఈసారి షామియానా వేసినప్పుడు ‘ప్రజలందరి తరఫున’ అన్న ప్రతివాణ్ణీ ఊరు, ఇంటిపేరు చెప్పమనండి. ఆ 2006 నోటిఫికేషన్‌లోనే ఇంకో రెండు సంగతులున్నాయి. సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలన్న కోరం ఏదీ అక్కర్లేదు. చివర్న మాత్రం ఎవరేం చెప్పారో ఆ సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాకే కలెక్టరు సంతకం పెట్టాలి. మజ్జిగ ప్యాకెట్లు అయిపోయినా సరే, ఆ చదువు మీ చెవిన పడేదాకా కుర్చీలోంచి లేవకండి.