కాలును బూటుకు సరిచేయడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధం నాటి మిలిటరీ బూట్లను అచ్చం అలాగే ఇప్పుడు కొత్తగా కుట్టి అమ్ముతున్నారు. వాటిని ఎలా ఎంచుకోవాలని మా ఆదోని కుర్రాళ్లు ముగ్గురు నన్ను అడిగారు. ఒకడు షార్ట్‌ఫిల్మ్ తీస్తున్నాడు. ఒకడికి బుల్లెట్ బండి ఉంది. మూడోవాడికి ఏ కారణమూ లేదు. నాకు నచ్చింది ఆ మూడోవాడే, నేనూ ఏ కారణమూ లేకుండానే కొన్నాను కాబట్టి. అదీ ఒకటి కాదు, రెండు జతలు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు. ఊడిన బొటనవేలి గోళ్లు రెండు, మడమ మీద మాయని మచ్చ ఒకటి నా సర్టిఫికెట్లు. కనుక రాసుకోండి.

1. సైజు అనేది ఇంటిపేరు లాంటిది, మార్చకూడదు

ఎవరైనా సైజెంత అంటే తడుముకోకుండా "ఎనిమిది" అనండి. పదో తరగతిలో కొన్న బూట్ల అడుగున అదే ఉంది కదా, అది చాలు. ఏ దేశపు ఎనిమిది అని అడిగేవాడు చాదస్తుడు. ఇంగ్లండు ఎనిమిది, అమెరికా తొమ్మిది, యూరప్ నలభై రెండు, ఈ మూడూ ఇంచుమించు ఒకే కాలికి పడతాయట. మన అంగళ్లలో మామూలుగా నడిచేది ఇంగ్లండు అంకె. నేను తెప్పించినవి అమెరికా సైన్యపు నమూనా బూట్లు. ఫోన్‌లో ఎనిమిది మీద నొక్కాను, ఇంగ్లండు లెక్కన ఏడు వచ్చింది. ఒక సైజుకూ ఇంకో సైజుకూ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఒక బార్లీ గింజ పొడవని పాత ఇంగ్లండు లెక్క. గింజంత తేడాకు జంకేవాడు మిలిటరీ బూటు తొడగనే కూడదు. నా మొదటి గోరు ఊడింది ఆ గింజ దగ్గరే.

2. కాలు కొలవకండి, కొలిచినా పొద్దున్నే, కూర్చుని కొలవండి

సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది. నిలబడితే సాగుతుంది, బరువెత్తితే ఇంకా పరుచుకుంటుంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే పెద్ద బూటు కొనాల్సి వస్తుంది. ఎడ్వర్డ్ మన్‌సన్ అనే అమెరికా సైనిక వైద్యుడు ఈ పొరపాటే చేశాడు. సిపాయిల పాదాలను ఏళ్ల తరబడి పరీక్షించి, 1912లో దాని మీద ఏకంగా పుస్తకం రాశాడు. సిపాయి వీపు మీద నలభై పౌన్ల బరువు, అంటే పద్దెనిమిది కిలోలు మోయించి, ఒంటికాలి మీద నిలబెట్టి, అప్పుడు ఆ పాదం కొలవాలన్నాడు. వేళ్లు విచ్చుకునేలా ముందుభాగం వెడల్పుగా ఉన్న అచ్చు ఒకటి తయారుచేయించాడు. అమెరికా సైన్యం దశాబ్దాలపాటు ఆ అచ్చు మీదే బూట్లు కుట్టించింది. నా మొదటి జత కూడా ఆ అచ్చుదే. అంత పెద్దమనిషి అంత శ్రమపడి కాలికి హాయిగా ఉండాలని చేసినదాన్ని, ఒక్క అంకె తప్పు నొక్కి ఓడించాను.

3. ఇరుకైతే సంతోషించండి

తోలు సాగుతుంది. ఈ మాట బూట్లు అమ్మేవాళ్లంతా చెబుతారు, అందరూ ఒకే మాట చెబితే అబద్ధమెలా అవుతుంది? నిజానికి సాగేది వెడల్పులో, అదీ కొంచెమే. పొడవులో సాగదు. అడుగున ఉన్నది మందపాటి అట్ట, అది మీ వేలిని చూసి జాలిపడదు. చిన్నప్పుడు చేలో ఉత్తకాళ్లతో తిరిగిన మనలాంటివాళ్ల పాదం ముందువైపు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. అది బూటుకు తెలియదు. తెలియజేసే బాధ్యత చిటికెన వేలిది.

4. పెద్దదైతే ఆదోనిలో పుట్టినందుకు సంతోషించండి

మొదటి జత మీద కసితో రెండో జతను రెండు సైజులు పెద్దది తెప్పించాను, పది. బూటు వదులైతే ఇంకో ఊరివాడు వాపసు పంపుతాడు. మనకేం ఖర్మ? రాష్ట్రంలోనే పేరున్న పత్తి మార్కెట్ మన ఊళ్లో పెట్టుకుని! యార్డు బయట గాలికి దొర్లే పత్తి ఏరినా రెండు బూట్ల ముందుభాగాలు నిండుతాయి. గింజ తీయాల్సిన పని లేదు. ఆ గింజ ఎక్కడుందో అర కిలోమీటరు నడిచేసరికి కాలే చెబుతుంది. వేళ్ల దగ్గర పత్తి ముద్దకట్టుకుపోతుంది, మడమ మాత్రం ఎప్పటిలాగే పైకీ కిందికీ ఆడుతుంది. బొబ్బ లేచేది మడమ మీద కదా, పత్తి పెట్టింది వేళ్ల దగ్గర కదా అని లాజిక్కులు తీయకండి.

5. మేజోళ్లు ఎందుకు, నేతబట్ట ఉండగా

రష్యా సిపాయిలు పొడవాటి బూట్లలో మేజోళ్లకు బదులు గుడ్డ చుట్టుకునేవారు. ఆ అలవాటు 2013 దాకా నడిచింది. అది చదివి నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన చేనేత సొసైటీ ఊరు అది. అక్కడి దుప్పటి ఒకటి కొని, చించి కాళ్లకు చుట్టాను. చుట్టడానికి ఒక పద్ధతి ఉందనీ, ఒక్క ముడత పడినా పుండవుతుందనీ, అప్పట్లో రష్యా సిపాయిలు సైన్యంలో చేరగానే నేర్చుకునే విద్యల్లో ఇదొకటనీ తర్వాత చదివాను. ముందు చుట్టి తర్వాత చదవాలన్నది నా సలహా. దుప్పటి చించినందుకు మా ఇంటావిడ నాతో మాట్లాడలేదు, ఆ వారం ప్రశాంతంగా గడిచింది. లాభమూ ఉందన్నమాట.

6. అడుగున మేకులుంటే ఇంకా మంచిది

నా రెండో జత బ్రిటిష్ "అమ్యూనిషన్ బూట్లు". ఆ రకాన్ని 1880ల చివరి నుంచి 1950ల చివరి దాకా సిపాయిలు తొడిగారు. ముందు ఇనుప పట్టీ, మడమకు గుర్రపు నాడా లాంటి ముక్క, మధ్యలో వరసగా బొడిపె మేకులు. మట్టిలో పట్టు కోసం, తోలు అరగకుండా ఉండటం కోసం వాటిని కొట్టారు. నేను వాటితో పెళ్లికి వెళ్లాను. కల్యాణ మండపంలో నేలంతా మెరుగుపెట్టిన బేతంచెర్ల బండలు, పైగా అప్పుడే తడిగుడ్డ పెట్టారు. టక్ టక్‌మని నాలుగడుగులు వేశాను, మేళం వాళ్లు కూడా తల తిప్పి చూశారు. అయిదో అడుగు నేను వేయలేదు, అదే పడింది. భోజనాల వరస చివర సాంబారు బకెట్టు దగ్గర ఆగాను. వడ్డించే కుర్రాడు వంగి మర్యాదగా అడిగాడు: "ఈడే ఆకు ఏయమంటావా అన్నా?"

7. మెత్తబరచడానికి వంటింటికి వెళ్లండి

మా తాత కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవాడు. పాతకాలపు మాట మనకెందుకు? మిలిటరీ తోలుకు డబ్బిన్ అనే మైనపు జిడ్డు రాయాలంటారు. నూనె మిల్లుల ఊళ్లో ఉంటూ మైనం కొనడం అవమానం. నేను బుడ్డల నూనె ధారాళంగా పోశాను. మొదటి రోజు తోలు నిగనిగలాడింది, రెండో రోజు చీమలు బారులు కట్టాయి. నాలుగో రాత్రి ఎలుక వచ్చి ఎడమ బూటు నాలుక కొరికిపోయింది. కుడిదాని జోలికి పోలేదు, దానికీ సైజు కుదరలేదేమో.

ఇంకో దారి కూడా ఉంది. కొత్త బూట్లు తొడుక్కుని రెండున్నర అంగుళాల నీళ్లలో అయిదు నిమిషాలు నిలబడి, ఆరేదాకా ఓ గంట చదునైన నేల మీద నడిస్తే తోలు పాదం ఆకారానికి వస్తుందని మన్‌సనే చెప్పాడు. నేను కాలువలో నిలబడి, తొలకరి పడిన నల్లరేగడి చేలోకి దిగాను. అడుగుకో పావుకిలో మట్టి పట్టింది. బూటు నా కాలి అచ్చు తీసుకోలేదు, చేను అచ్చు తీసుకుంది. తర్వాత మిద్దె మీద ఎండబెట్టాను. ఎండిన రేగడిలాగే తోలూ నెర్రెలిచ్చింది.

8. కుడి ఎడమలు పట్టించుకోకండి

నెపోలియన్ కాలపు బ్రిటిష్ సిపాయి బూట్లకు కుడీ ఎడమా తేడా ఉండేది కాదు. సమంగా అరగాలని కాళ్లు మార్చి తొడిగించేవారు. నేనూ ఒకరోజు మార్చాను. ఒక్కరోజే.

9. ముద్ర చూడండి, కుట్టు చూడకండి

లోపల బ్రిటిష్ సైన్యపు బాణం గుర్తు, 1942 అనే అంకె కనిపిస్తే డబ్బు కట్టేయండి. అడుగు కుట్టిందా అంటించిందా అని వంచి చూడటం, మడమ దగ్గర తోలు నొక్కి చూడటం పిసినారి బుద్ధి. నాకు అమ్మినాయన ముద్ర చాలా శ్రద్ధగా వేశాడు. ఆ శ్రద్ధలో సగం కుట్టు మీద పెట్టి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

10. మొదటి రోజే కోట ఎక్కండి

ఇంట్లో గంట, వీధిలో గంట అంటూ రోజుకింత అలవాటు చేసుకోవాలనేది పిరికివాళ్ల మాట. నేను మొదటి జతతో నేరుగా ఆదోని కోట ఎక్కాను. 1786లో టిప్పు సుల్తాన్ సైన్యం ఈ కోట పట్టుకుంది. వాళ్ల కాళ్లకు నా బూట్లు ఉండి ఉంటే ఇంకా కొండ కిందే కూర్చుని వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఉండేవారు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు జారి గుద్దుకుంటాయి. రెండో గోరు అక్కడ సమర్పించాను.

ఇక ఒక్క మాట. మొన్న సంక్రాంతి దాటాక ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్లాను, మామూలు చెప్పులతోనే. ఎద్దుల సంతలో ఒక పెద్దాయన నాడాలు కొడుతున్నాడు. ఎద్దును పడేసి కాళ్లు కట్టి, ఒక్కో డెక్క ఒళ్లోకి తీసుకున్నాడు. కత్తితో చెక్కి, నాడా ముక్క ఆనించి చూశాడు. పెద్దదనిపిస్తే పక్కన పడేసి ఇంకోటి తీశాడు. ఒక కాలికి సరిపోయిందని రెండో కాలికి నమ్మలేదు, ప్రతి డెక్కకూ మళ్లీ ఆనించాడు. నేను కుంటడం చూసి "ఏమైందప్పా కాలికి?" అన్నాడు. బూట్ల కథంతా చెప్పాను. మేకు నోట్లోంచి తీసి, "కొనేముందు కాలు ఎవురూ సూడలేదా?" అన్నాడు.

చూడలేదు. నేనూ చూడలేదు. ఎద్దుకు దక్కిన మర్యాద నా కాలికి నేను ఇవ్వలేదు.

కాబట్టి పై పది సలహాలూ తిరగేసి పాటించండి. సాయంత్రం పూట, తొడగబోయే మేజోళ్లే వేసుకుని, కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీయించుకోండి. పెద్ద పాదం పొడవునూ వెడల్పునూ మిల్లీమీటర్లలో రాసి, అమ్మేవాడి పట్టికతో పోల్చండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. ఖర్చు ఒక కాగితం. ఇక నా అటక మీద రెండు జతలున్నాయి, అమెరికా ఎనిమిది, ఇంగ్లండు పది. సరిపోయే కాలున్నవారు వచ్చి ఊరికే తీసుకుపోవచ్చు. పత్తి కూడా లోపలే ఉంది.