మధ్య పట్టా లేనిదే కదలను

నేనో బొమ్మ రైలింజన్ని. నా క్యాబ్ మీద 2025 అని అంకెలుంటాయి. అది చూసి న్యూజెర్సీ ఎడిసన్‌లోని ఈ ఇంటి పిల్లవాడు నేను నిన్నగాక మొన్న తయారైన బొమ్మననుకున్నాడు. అది మోడల్ నెంబరు నాయనా! నేను పుట్టింది 1940ల చివర్లో, ఇదే న్యూజెర్సీలో, లయొనెల్ కంపెనీ ఫ్యాక్టరీలో. ఇదే నెంబరుతో 1952లో ఇంకో ఇంజనూ వచ్చింది. క్యాబ్ కింద చూస్తే తేడా తెలిసిపోతుంది. నాకు వెనక రెండు చక్రాలు, దానికి నాలుగు.

పాత సామాన్ల అమ్మకంలో నన్ను, బొగ్గుబండిని, మూడు పెట్టెల్ని కలిపి కొన్నారు. పట్టాలు మాత్రం లేవు. నాలాంటివాళ్లకిది మామూలే. ఇంజన్ని గుడ్డలో చుట్టి దాస్తారు, పట్టాల్ని చెమ్మలో వదిలేస్తారు.

పిల్లవాడి నాన్న బొమ్మ చూసి పట్టాలు తెప్పించాడు. అవి హెచ్‌ఓ గేజివి, 16.5 మిల్లీమీటర్ల వెడల్పు. నా చక్రాల మధ్య ఎడం అందుకు దాదాపు రెట్టింపు. రెండోసారి వెడల్పు సరిపోయింది గానీ రెండే పట్టాలు. వాటి మీద నన్ను నిలబెట్టి చాలాసేపు ఎదురుచూశారు. నేనేం చేసేది?

అప్పుడు తాత కళ్లజోడు సవరించుకుని కూర్చున్నాడు. గుంతకల్లులో లైను గ్యాంగులో పనిచేసి రిటైరైన మనిషి. మీటరు గేజి పీకి బ్రాడ్ గేజి వేసిన చేతులు.

"గేజి కొలవకుండా పట్టాలెట్ల కొన్నార్రా?" అని టేపు తీశాడు. అంగుళం పావు. నన్ను వెల్లకిలా తిప్పాడు. నా పొట్ట కింద రెండు చిన్న రోలర్లున్నాయి, నడుమ అరిగి మెరుస్తుంటాయి. వేలితో ఒకదాన్ని తిప్పి చూసి, "ఇది మధ్యలో ఇంకో పట్టా మీద నడిచిందిరా, అబ్బాయ్" అన్నాడు. పుస్తకం చూడకుండా నన్ను పోల్చుకున్నది ఆయనొక్కడే.

నా కరెంటు మధ్య పట్టా నుంచి రోలర్ల ద్వారా మోటారుకెక్కి, చక్రాల మీదుగా పక్క పట్టాల్లోకి దిగుతుంది. అలాంటి మూడు పట్టాల ముక్కల్లోనూ రెండు రకాలున్నాయి. ఓ-27 పొట్టిది, 11 మిల్లీమీటర్ల ఎత్తు, ఎనిమిది వంపు ముక్కలు కలిస్తే 27 అంగుళాల వలయం. ఓ గేజిది 17 మిల్లీమీటర్ల పైచిలుకు ఎత్తు, వలయం 31 అంగుళాలు. నేను రెండింటి మీదా పరిగెత్తగలను. అసలు నన్నే 675 అని పేరు మార్చి ఓ గేజి సెట్లలో అమ్మారు! కానీ ఆ రెండు రకాల ముక్కల్ని ఒకదానికొకటి తగిలించకూడదు. ఎత్తు కుదరదు, ముక్కల్ని కలిపే పిన్నుల లావూ వేరే.

చివరికి వాడిన ఓ-27 ముక్కలు ఒక పెట్టెడు దొరికాయి. గిన్నెలు తోమే స్టీలు పీచుతో తుప్పు గీకబోతే తాత ఆపాడు. మంచిపనే చేశాడు, ఆ పొడి మోటారులోకి చేరితే నా పని అయిపోయినట్టే. ఆకుపచ్చ స్క్రబ్బరుతో రుద్ది, గుడ్డతో తుడిచాడు. వదులైన పట్టా గొట్టాల మూతుల్ని పటకారుతో నొక్కి పిన్నులు బిగించాడు.

నాన్న డీసీ కరెంటు పెట్టాడు. నా మోటారు దానికీ తిరుగుతుంది గానీ, బొగ్గుబండిలో కూత పెట్టే రిలే డీసీ తగిలితే ఊరుకోదు. ఆపకుండా కూసేశాను. లోపల నిద్రపోతున్న చంటిది లేచింది, ఇంటావిడ గరిటె పట్టుకుని వచ్చింది. ఏసీ ట్రాన్స్‌ఫార్మరు వచ్చేదాకా నన్ను అల్మరాలో పెట్టారు.

ఇప్పుడు రోజూ సాయంత్రం తిరుగుతున్నా. కరెంటు ఆపి మళ్లీ ఇస్తే ఒకసారి కదలకుండా గుయ్‌మంటాను, ఇంకోసారి ఆపి ఇస్తే వెనక్కి నడుస్తాను. పిల్లవాడు పాడైందనుకున్నాడు, కాదు, నా తీరే అంత. తాతకు మాత్రం ఈ వలయం ఆనడం లేదు. గుంతకల్లు జంక్షన్లో బతికినవాడాయె. దారి మార్చే పాయింట్లు రెండు, ఒక లూప్ లైను కావాలని కొడుకును సతాయిస్తున్నాడు, ఓ-27వే తెమ్మని మరీమరీ చెప్తున్నాడు.