మన కౌన్సిలర్ ఎవరు నాన్నా?

మా అమ్మాయి పన్నెండో తరగతి. మొన్న వాళ్ళ బడిలో యువ పార్లమెంటు పెట్టారు. పిల్లలకు చట్టసభల మీద మోజు పుట్టాలని కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966లో ఢిల్లీ బళ్ళతో మొదలుపెట్టిన ముచ్చట ఇది. మా పిల్లకు పట్టణాభివృద్ధి శాఖ దక్కింది. వాళ్ళమ్మ చున్నీ భుజాన వేసుకుని "మాననీయ్ అధ్యక్ష్ మహోదయ్" అని పదిసార్లు అద్దానికి విన్నవించుకుంది.

అంతవరకు బాగానే ఉంది. ప్రశ్నోత్తరాలకు తయారవుతూ మంత్రిగారు నన్ను అడిగారు: "నాన్నా, మన కౌన్సిలర్ ఎవరు?"

గొంతు సవరించుకున్నాను. పద్నాలుగేళ్ళుగా నోయిడాలో కాపురం. పాలవాడి పేరు తెలుసు, గేటు దగ్గర గార్డు పెద్దకొడుకు పేరు తెలుసు. కౌన్సిలర్ పేరు మాత్రం నోటికి రాలేదు. ఈసారికి తప్పు నాది కాదు. నోయిడాకు కౌన్సిలర్లు లేరు, మేయరూ లేడు. వార్డులే లేవు, ఉన్నవన్నీ సెక్టార్లు. ఊరి మంచిచెడ్డలు చూసేది అథారిటీ, దాన్ని నడిపేది లక్నో నుంచి వేసిన ఐఏఎస్ అధికారి. ఆయన హోదా సీఈఓ. కంపెనీలో జీతం తీసుకుని ఇంటికొస్తే ఇంటి దగ్గరా సీఈఓనే.

నోయిడా పుట్టింది 1976 ఏప్రిల్ 17న. అంటే నిండు ఎమర్జెన్సీ. లోక్‌సభ ఎన్నికలనే వెనక్కి నెట్టిన రోజులు. అలాంటి ముహూర్తాన పుట్టిన బిడ్డ జాతకంలో ఎన్నికల యోగం లేదంటే జ్యోతిష్కుణ్ణి తప్పుపట్టలేం. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణాలన్నిటికీ ఎన్నికైన పాలకమండలి ఉండాలంది. అంటూనే 243-క్యూ అధికరణంలో చిన్న కిటికీ తెరిచిపెట్టింది: పారిశ్రామిక పట్టణమైతే మునిసిపాలిటీ లేకపోయినా సరేనని. మా ఊరు ఆ కిటికీలోంచి దూరి బయటపడింది. 2011 లెక్కలకే జనాభా ఆరు లక్షలు దాటింది. ముప్పై అంతస్తుల మేడల్లో పెళ్ళిళ్ళు, పురుళ్ళు, సత్యనారాయణ వ్రతాలు జరుపుకుంటున్నా, కాగితం మీద మేమంతా ఏదో ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉంటున్నట్టే లెక్క. చుట్టుపక్కల పల్లెలకు పాపం పంచాయతీలుండేవి. 2015 నుంచి వాటికీ ఆ బాధ తప్పించారు.

మాది భీమిలి. తెల్లదొరల కాలంలోనే, 1861లో మునిసిపాలిటీ అయిన ఊరు. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో కలిసిపోయిందనుకోండి, అయినా వీధి దీపం వెలగకపోతే ఎవరింటి ముందు నిలబడి తిట్టాలో అక్కడ అందరికీ తెలుసు. ఇక్కడ ఆ సౌఖ్యం లేదు. యాప్‌లో ఫిర్యాదు పెడితే నంబరొస్తుంది. నంబరును ఎంతసేపని తిడతాం?

ఎమ్మెల్యే, ఎంపీ లేరా అంటే ఉన్నారు. లక్నోలో మాట్లాడటానికి ఒకరు, ఢిల్లీలో మాట్లాడటానికి ఒకరు. ముఖ్యమంత్రులైతే చాలాకాలం ఈ వైపు తొంగిచూడటానికే జంకారు. 1988లో వీర్ బహదూర్ సింగ్ ఇక్కడికి వచ్చి వెళ్ళాక పదవి పోయిందట. అది మొదలు నోయిడాలో కాలు పెడితే కుర్చీ ఊడుతుందని నమ్మకం. యోగి ఆదిత్యనాథ్ 2017లో వచ్చి, 2022లో మళ్ళీ గెలిచి దాన్ని చెరిపేశారు. పాలకుణ్ణి దించే శక్తి ఓటరుకు కాకుండా ఊరి గాలికి ఉందని పెద్దలంతా నమ్మిన ఊరు ఇదొక్కటేనేమో.

"మరి జనం ఏం చేస్తారు?" అంది పిల్ల.

"కోర్టుకు వెళ్తారమ్మా."

93-ఏ సెక్టార్ జంట టవర్ల కథ చెప్పాను. తమ ఆవరణలో అదనంగా రెండు భవనాలు లేస్తున్నాయని అక్కడి సొసైటీవాళ్ళు హైకోర్టుకెక్కారు. కూల్చమని అలహాబాద్ హైకోర్టు 2014లో అంటే, సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 31న సరేనంది. బిల్డరూ అథారిటీ అధికారులూ కుమ్మక్కయ్యారని కూడా అంది. 2022 ఆగస్టు 28న కొన్ని క్షణాల్లో రెండూ నేలమట్టం. పిల్ల లెక్క వేసింది. "ప్లాను మీద సంతకం పడ్డప్పుడే అడిగే కౌన్సిలర్ ఒకడుంటే, ఇన్నేళ్ళూ ఇంత మందుగుండూ మిగిలేవి కదా?" కౌన్సిలర్లున్న ఊళ్ళలో అక్రమ కట్టడాలు లేవా అని అందామనుకుని మింగేశాను. ఆ వయసులో కాస్త నమ్మకం ఉండనివ్వాలి. పైగా 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా, నోయిడాను మెట్రోపాలిటన్ కౌన్సిల్‌గా మార్చే సంగతి మంత్రివర్గం ముందు పెట్టమని రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి చెప్పింది. మా పిల్లకు సుప్రీంకోర్టు తోడు దొరికింది.

"పోనీ సొసైటీ ఎన్నికల్లో నువ్వు నిలబడు" అంది.

"అక్కడ ఓటు ఫ్లాటు ఓనర్లకే. మనం అద్దెవాళ్ళం."

"అసెంబ్లీకి ఓటుంది కదా?"

"ఉంది. భీమిలిలో."

అక్కడితో మంత్రిగారు చున్నీ తీసి కుర్చీకి తగిలించారు. పదిహేడు నిండితే ముందుగానే ఓటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చట. తన ఫారం 6 ఫోన్లో తెరిచింది. దాని పక్కనే, ఇల్లు మారినవాళ్ళు పెట్టుకునే ఫారం 8 నాకోసం తెరిచింది. నోయిడా చిరునామాకు రుజువు అడిగింది. వెతికాను. కరెంటు బిల్లు ఓనర్ పేరు మీద, ఆధార్ భీమిలి చిరునామాతో, అద్దె ఒప్పందం పదకొండు నెలలది.

"పద్నాలుగేళ్ళ నుంచీ నీ ఓటు సెలవు మీద ఊళ్ళోనే ఉందా నాన్నా?"

"వంటయిందేమో చూసొస్తా" అని లేచాను. ఆ వేళ వంట నాదే.