కటకవలయ పద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము:

తిప్పు వలయ మొకటె తీరుగా మెల్లగా
నెఱుపు చూచి నమ్మ కెపుడు నీవు
పెద్ద చేసి చూచి పిదపనే నొక్కుము
నీడ గూడ నిలుచు నిండుగాను.

అవతారిక: ఈ ఆటవెలదికి కర్తను నేనే, వ్యాఖ్యాతను నేనే. పద్యము వ్రాసినవానికి వ్యాఖ్యాత దొరకుట యుగమున కొకపరి జరుగు పని యని యెఱిగి, అంతకాలము వేచియుండు ఓపిక లేనివాడనై, నల్లగొండ చెంత పానగల్లున ఛాయాసోమేశ్వరాలయ మండపమున కూర్చుండి రెంటిని ఒకమాటే ముగించితిని.

టీక: వలయము = కటకమును చుట్టియున్న ఫోకస్ రింగు; ఒకటె = అది మాత్రమే, ఆటోఫోకస్ కాదని భావము; ఎఱుపు = ఫోకస్ పీకింగ్ అను పేర తెరపై మెఱయు రంగు; పెద్ద చేసి = మాగ్నిఫై బటను నొక్కి; నొక్కుము = షట్టరును అని అధ్యాహారము.

వ్యాఖ్య: వలయము త్రిప్పుటకు ముందు పాత కటకము కొత్త కెమెరాకు అమరవలెను గదా యనిన, ఆ మేలు మిర్రర్‌లెస్ కెమెరాయే చేసినది. అద్దమున్న కెమెరాలలో కటకపీఠమునకును ఫిలిమునకును నడుమ అద్దము లేచి పడుటకు చోటు వలసియుండెను. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ పీఠమున ఆ దూరము 46.5 మిల్లీమీటర్లు. అద్దము తొలగిన పిమ్మట సోనీ ఇ పీఠమున అది 18 మిల్లీమీటర్లకు దిగినది. తక్కిన 28.5 మిల్లీమీటర్ల వెలితిని అడాప్టరను బోలు గొట్టముతో పూరించిన చాలును, లోన గాజు ముక్కయైనను అక్కఱలేదు. కాలము చెల్లినదని బీరువాలో పడవేసిన యాబై మిల్లీమీటర్ల కటకము మరల బ్రదుకును. ఐనను కటకమునకును కెమెరాకును మాటలు లేవు. కెమెరా దృష్టిలో అచ్చట కటకమే లేదు. మెనూలో వెదకి, లెన్సు లేకున్నను షట్టరు వదలవచ్చునను అనుమతి నీయనిదే అది కదలదు. ఈ సర్కారీ స్వభావమును గుఱించి పద్యము మౌనము వహించినది.

ఇచ్చట పూర్వపక్షి, దేవరకొండ తోవలో పెండ్లి ఫొటోలు తీయు కుఱ్ఱవాడు, ఇట్లనును: "గిదంత ఎందుకు సారూ, ఆటోల వెడ్తె కన్నును అదే వట్టుకుంటది గద!" నిజమే. మంగళసూత్రధారణ వేళ వలయము త్రిప్పుచు కూర్చున్నచో మూడు ముళ్లును పడిపోవును. ఈ శాస్త్రము కదలని వాని కొఱకే. రాతికి తొందర లేదు.

ఇక రెండవ పాదము. కెమెరా స్ఫుటత నెఱుగదు; వెలుగు చీకటులు హఠాత్తుగా మారు అంచును మాత్రమే యెఱుగును. అట్టి అంచు కనబడినచోట నెల్ల ఎఱుపు పూసి, ఫోకస్ కుదిరినదని ఊహించును. పొగను చూచి నిప్పు నూహించు నైయాయికుని పనియే యిది. కాని ఎఱుపే స్ఫుటతకు లక్షణమన్నచో, తార్కికులు చెప్పు దోషము లన్నియు వచ్చి పడును. అతివ్యాప్తికి మహబూబ్‌నగర్ పిల్లలమఱ్ఱి ఉదాహరణము: అపర్చరును ఎఫ్ 8కు మూసి చూచినచో, ఊడ ఊడకును, ఆకు ఆకునకును, వెనుక ఆకాశము తొంగిచూచు సందు సందునకును ఎఱుపు క్రమ్ముకొని, ఫోకస్ ఏ ఊడపై నున్నదో ఊడలకే తెలియవలెను. కావున మొదట ఎఫ్ 1.8కు పూర్తిగా తెఱచి, స్ఫుటమగు మేర సన్నని పొరయై మిగులునట్లు చేసి, ఫోకస్ కుదిర్చిన పిమ్మటనే మూయవలెను. మూయునపుడు ఫోకస్ ఇంచుక జరుపు పాత కటకములును కలవు గనుక మఱియొకసారి చూచుట మేలు.

అవ్యాప్తికి ఈ గుడియే సాక్షి. కుందూరు చోడుల కాలపు ఈ త్రికూటాలయమున, ఒక గర్భగృహములోని శివలింగముపై స్తంభాకారపు నీడ పగలెల్ల నిలిచియుండును. ఆ నీడకు ఎదురుగా నిలిచిన స్తంభమును వెదకిన కనబడదు. ఎండ నేరుగా సోకక, తెఱపులనుండి చెదరి వచ్చు వెలుగును మండప స్తంభములు అడ్డగింపగా, వెలుగు కొఱవడిన పట్టియే ఆ నీడ. దాని కాధారము సూర్యబింబము కాదు గావున ప్రొద్దు తిరిగినను నీడ తిరుగదు. అట్టి నీడకు పదునైన అంచు లేదు. వెలుగులో మెల్లమెల్లగా కరగిపోవును. వలయము నెటు త్రిప్పినను దానిపై ఎఱుపు పుట్టదు. పైగా చీకటికి వెఱచి ఐఎస్ఓ పెంచితిమా, తెరపై పుట్టిన గరుకునకే అచ్చటచ్చట ఎఱుపు తగులుకొనును! మూడవ దోషమగు అసంభవము కటకపు మూత తీయకుండుట. ఈ కెమెరాలో అపుడు తెరయే చీకటియగును గనుక, అది పండితులకు దప్ప సంభవింపదు.

మఱి గతి యేమి? నీడపై ఫోకస్ కుదరదు. నీడ పడిన రాతిపై కుదురును. అర్చకుల అనుమతి గైకొని, ట్రైపాడ్ నిలిపి, తెరలోని గడిని లింగపు అంచునకు జరిపి, మాగ్నిఫై చేసినచో ఆ కొంచెము మేరయే తెర నిండును. అపుడు వలయమును స్ఫుటత దాటి మసకబాఱు వఱకు త్రిప్పి, వెనుకకు తెచ్చి, ఆవలి మసకను గూడ చూచి, రెంటి నడుమ నిలుపవలెను. ఇది ప్రత్యక్షము, దీని ముందు ఎఱుపు చెప్పు అనుమానము చెల్లదు.

నాల్గవ పాదమున "నీడ" యనగా ఈ గుడిలోనిదే. "గాను" అనునది పాదపూరణార్థము. దానికి వ్యాఖ్య లేదు.