బందరు కరపత్రానికి టీకా తాత్పర్యం

మూలము

మురుగు నీరు తోడి, ముంగిట నీళ్లిచ్చి,
దోమ మందు కొట్టి, తూము తీసి,
వీధి దీపమెల్ల వెలిగింతు నక్కరో!
ఓటు వేయుమమ్మ, ఒక్కసారి.

అవతారిక

బందరు అనే మచిలీపట్నం 1866లో మునిసిపాలిటీ అయింది, 2015లో కార్పొరేషన్ అయింది. హోదా పెరిగింది గాని పల్లం పెరగలేదు. 50 డివిజన్లలో ఒకదానికి ఈ కవి స్వతంత్ర అభ్యర్థి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులన్న నిబంధన అప్పటికింకా ఉంది, 2024లో ఎత్తేశారు. కవికి ఇద్దరే. మూడో సంతానం ఈ పద్యం.

2020 మార్చిలో నామినేషన్ వేశాడు. గుమ్మం దిగేలోగా కరోనా వచ్చి ఎన్నిక ఆగింది. పోలింగు 2021 మార్చి 10న. ఏడాదిపాటు ఓటరు ఎడబాటుకు వేగిపోయిన నాయకుడి విప్రలంభంగా ఈ పద్యాన్ని చదువుకోవాలి.

టీక

మురుగు నీరు = కాలువలో కదలని నీరు. ‘కదలని’ అన్న మాట మూలంలో లేదు. వ్యాఖ్యాత ఇంటి ముందు ఉంది. నీరు పారడానికి వాలు కావాలి. బందరు నేల అరచెయ్యంత చదును. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు వెనక్కి తంతాయి; ఆటు వచ్చేదాకా మురుగూ మనమూ ఆగాలి.

తోడి = చేదతో కాదు, మోటారుతో అని అధ్యాహారం.

ముంగిట నీళ్లిచ్చి = కుళాయి విప్పి. ఇవి కృష్ణ కాలువ నీళ్లు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే తరకటూరు చెరువులో దాచుకున్నవే గతి. డెల్టాలో ఎగువవాళ్లు తాగి, తడిపి, కడిగి వదిలాక శివారుకు చేరేది శేషమే. ఇక్కడ అన్వయ క్లేశం ఒకటుంది. మురుగు నీరు తోడి, ఆ నీళ్లే ముంగిట ఇస్తాడా? అది కవి హృదయం కాదు. అయితే మురుగు కాలువలో మునిగిన పైపుకు చిల్లు పడిన వీధుల్లో ఈ రెండో అర్థమే నిజమవుతుంది. శ్లేషకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దోమ మందు కొట్టి = పొగ వదిలి. దోమలు పక్క డివిజన్‌కు వెళ్లి, పొగ పలచబడ్డాక తిరిగొస్తాయి. వాటికి సరిహద్దుల మీద పట్టింపు లేదు.

తూము తీసి = పూడిక తీసి.

అక్కరో = బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడినామెను పిలవడం. మూడో పాదంలో అక్క, నాలుగో పాదానికి అమ్మ అయింది. పోలింగు దగ్గరపడిందని ధ్వని.

ఒక్కసారి = ఐదేళ్లు.

వ్యాకరణ విశేషాలు

‘వేయుమమ్మ, ఒక్కసారి’ దగ్గర విసంధి దోషం. ఏ పార్టీ టికెట్టూ దొరకనివాడికి సంధి ఎవరితో? క్షమించవచ్చు.

‘వెలిగింతు’ తద్ధర్మార్థకం. నిన్నటిదీ నేటిదీ రేపటిదీ కాని కాలం. ఎన్నికల హామీలన్నీ ఈ కాలంలోనే ఉంటాయి.

తోడి, ఇచ్చి, కొట్టి, తీసి: నాలుగు పనులూ అసమాపక క్రియలే. పద్యంలో తేదీతో సహా పూర్తయ్యే క్రియ ‘వేయుము’ ఒక్కటే. అది ఓటరు చెయ్యాల్సింది.

కవిని తప్పుపట్టలేం. 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో 18 పనులు జాబితా వేసి, వాటిని పట్టణాలకు రాష్ట్రం ‘అప్పగించవచ్చు’ అంది. ‘అప్పగించాలి’ అనలేదు. ఆ క్రియ అనుమత్యర్థకం. కార్పొరేటరు కష్టాలు అక్కడే పుట్టాయి.

అలంకారము

దీపకమని కొందరు. వెలగని దీపం దీపకం కాదని మరికొందరు. అతిశయోక్తి అన్నవారు కోనేరు సెంటర్లో ఎక్కువమంది.

తాత్పర్యము

ఓ అక్కా! నేను ఈ వీధివాణ్ణే. నీకు రాని నీళ్లు నాకూ రావు. గెలిస్తే కౌన్సిల్లో అడుగుతాను అని భావం. 1864 నవంబరు 1న ఉప్పెన వేలమందిని మింగిన రెండేళ్లకు మునిసిపాలిటీ వచ్చిన ఊరిది. 1977 నవంబరు 19న పక్కనే దివిసీమ మునిగింది. ఈ నేల మీద నాయకుడంటే మొదట ఒక తలుపు. అర్ధరాత్రి నీళ్లొస్తే తట్టడానికి ఒకటుండాలి.

ఫలశ్రుతి

మార్చి 14న లెక్కింపు. కవి ఓడిపోయాడు.

ఆ ఏడు మొదటి పెద్ద వానకు వీధి నిండింది. అక్క వచ్చి తలుపు తట్టింది: “తమ్ముడూ, తూము పూడిపోయింది, చూద్దువుగానిరా.” కవి లుంగీ ఎగ్గట్టి, గెడకర్ర పట్టుకుని వెళ్లి, తూములో ఇరుక్కున్న కొబ్బరి బొండాన్ని పైకి లాగాడు.

లాగాడు = భూతకాలం, సమాపక క్రియ. మూలంలో లేదు.