పొర పొరగా పుణ్యం

లండన్‌లో పొద్దున్న ఏడు కొట్టగానే కంపెనీల ప్రకటనలు బయటికొస్తాయి. షేర్ల అమ్మకాలూ కొనుగోళ్లూ మొదలయ్యేది ఎనిమిదికి. మధ్యలో ఉన్న ఆ గంట ఉందే, బ్రిటన్‌లో గ్రాఫీన్ కంపెనీల షేర్లు కొన్న చిన్న మదుపుదార్లకి అది బ్రాహ్మీ ముహూర్తం. ధనుర్మాసంలో చలికి వణుకుతూ కట్టెపొంగలి కోసం గుడి ముందు దొన్నెలు పట్టుకుని నిలబడిన రోజులు నాకు గుర్తున్నాయి. మాకు నెల తిరిగేసరికి సంక్రాంతి వచ్చేది. వీళ్లది పదేళ్లుగా సాగుతున్న ధనుర్మాసం, దొన్నె ఇంకా ఖాళీయే, అయినా వరస వదిలి కదిలినవాడు లేడు. ఇంత నిష్ఠని చూసి కూడా పొగడకపోతే కళ్లు పోతాయి.

ముందు వాళ్ల దేవుడి మహిమ చెప్పాలి. దేవుడు నిజమైనవాడే, అందులో పేచీ లేదు. 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ గ్రాఫైట్ మీద మామూలు అంటుడు టేపు అతికించి, లాగి, మడిచి, మళ్లీ లాగి, చివరికి ఒక్క పరమాణువు మందం ఉన్న కార్బన్ పొరని పట్టుకున్నారు. ఆరేళ్లకి నోబెల్ వచ్చింది. ఇచ్చినవాళ్లు ఓ పోలిక కూడా చెప్పారు: చదరపు మీటరు గ్రాఫీన్‌తో ఉయ్యాల కడితే నాలుగు కిలోల పిల్లిని మోస్తుంది, ఉయ్యాల బరువు మాత్రం ఆ పిల్లి మీసంలో ఒక్క వెంట్రుకంత. ఆ పిల్లి ఇంతవరకూ ఉయ్యాల ఎక్కలేదు. ఎక్కినవి పింఛన్లు, పిల్లల చదువు కోసం దాచినవి, కొత్త వంటగది కోసం పక్కన పెట్టినవి. వాటి బరువు ఎవరూ తూచలేదు.

ఆ మహిమని జనం ముంగిట్లోకి దించిన భగీరథుల్ని కూడా తలుచుకోవాలి. చిన్న కంపెనీల కోసం లండన్‌లో ఎయిమ్ అనే మార్కెట్ ఉంది. 2013 జూన్‌లో వెర్సేరియన్ అందులోకి వచ్చింది. అదే నవంబరులో డరమ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన అప్లైడ్ గ్రాఫీన్ మెటీరియల్స్ 155 పెన్నీలకి వచ్చింది, 2014 ఏప్రిల్‌లో వేల్స్ నుంచి హేడేల్ 210 పెన్నీలకి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2013 ఆగస్టులో, ఎయిమ్ షేర్లని ఐసా అనే పన్ను లేని పొదుపు ఖాతాలో పెట్టుకోవచ్చని ప్రభుత్వం వరమిచ్చింది. లాభం ఎంత వచ్చినా దమ్మిడీ పన్ను కట్టక్కర్లేదు. గ్రాఫీన్ భక్తుల విషయంలో ఖజానాకి ఈ ఔదార్యం వల్ల పెద్దగా నష్టం జరిగిందని నేననుకోను.

ఇక భక్తుల పాండిత్యం. ఏడింటికి వచ్చే ప్రకటనలో సాధారణంగా ఇలా ఉంటుంది: పేరు వెల్లడించడానికి వీల్లేని ఒక ప్రపంచ ప్రసిద్ధ సంస్థతో కలిసి పనిచేయడానికి అవగాహన కుదిరింది, ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయి, తదుపరి వివరాలు తగిన సమయంలో. ఇందులో మీకూ నాకూ కనిపించేది ఏమీ లేదు. వాళ్లకి అష్టాదశ పురాణాలు కనిపిస్తాయి. ‘ప్రపంచ ప్రసిద్ధ’ అంటే విమానాల కంపెనీయే అని ఒకరు తేలుస్తారు. పోయిన నెల డైరెక్టరుగారు ఫలానా ఊళ్లో కనిపించారు, ఆ ఊళ్లో ఫలానా ఫ్యాక్టరీ ఉంది కదా అని ఇంకొకరు. ‘ప్రోత్సాహకరం’ అన్నారు గానీ ‘చాలా ప్రోత్సాహకరం’ అనలేదు, అంటే కావాలనే తగ్గించి చెబుతున్నారు, అంటే విషయం మనం అనుకున్నదానికన్నా పెద్దది. మన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్యానం రాసేటప్పుడు మూలంలో ఆధారం లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. పాపం, ఆ ఒట్టు వల్ల ఆయన ఎంత నష్టపోయాడో వీళ్లని చూశాకే తెలిసింది.

ప్రకటన లేని రోజు కూడా వృథా పోదు. కంపెనీ మాట్లాడితే శుభవార్త. మాట్లాడకపోతే అంతకన్నా పెద్ద శుభవార్త వండుతున్నారని అర్థం, పొయ్యి మీద ఉన్నప్పుడు మూత తీయకూడదు. షేరు పెరిగితే లోకం గుర్తిస్తోంది. తగ్గితే పెద్ద చేపలెవరో మనల్ని బెదిరించి చవగ్గా లాక్కోవడానికి చూస్తున్నారు, అమ్మడం వాళ్ల వలలో పడటమే. ఏ గాలి వీచినా తెరచాప నిండే పడవ ఇది. ఒడ్డు ఒక్కటే తగల్లేదు.

నన్ను నేను బయట నిలబెట్టుకుని మాట్లాడటం న్యాయం కాదు. మాంచెస్టర్‌లో ఉద్యోగం, రోజూ బూత్ స్ట్రీట్ ఈస్ట్‌లో ఆ నల్లటి గ్రాఫీన్ సంస్థ భవనం పక్కనుంచే నడక. 2015లో దాన్ని తెరిచినప్పుడు అంత భవనం ఊరికే కడతారా అనిపించింది, ఎవరో కట్టిన గుడి గోపురం చూసి హుండీలో డబ్బు వేసినట్టు నేనూ ఓ కంపెనీలో కొన్ని షేర్లు కొన్నాను. దాని పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసం వల్లే షేరు పడిందంటారు.

ఒకసారి వార్షిక సమావేశానికి కూడా వెళ్లాను. లండన్ సిటీలో ఓ లాయర్ల ఆఫీసు, పొడవాటి బల్ల, కాఫీ, బిస్కెట్లు. ఇన్నేళ్లలో ఆ కంపెనీ నుంచి నా చేతికందిన డివిడెండు ఆ రెండు బిస్కెట్లే, బావున్నాయి కూడా. డెర్బీ నుంచి ఒక ప్లంబరు తెల్లవారుజామున రైలెక్కి వచ్చాడు. భర్త పోయాక ఆయన షేర్లు తన పేర మార్పించుకున్న ఒక పెద్దావిడ చేతిసంచిలో పాత ప్రకటనలన్నీ అచ్చు వేయించి తెచ్చుకుంది, కొన్నిటి కింద ఎర్ర సిరాతో గీతలు. అధినేతగారు మాట్లాడుతూ కంపెనీ ఇప్పుడు కీలకమైన మలుపు దగ్గర ఉందన్నారు. అంతకుముందు ఏడాది నివేదికలోనూ మలుపే ఉంది, దాని ముందు ఏడాదిలోనూ. తిరుమల ఘాట్ రోడ్డుకి కూడా ఇన్ని మలుపులు లేవు, పైగా అక్కడ మలుపులు అయిపోయాక స్వామి ఉంటాడు.

తర్వాత ఒక చిన్న గాజు సీసా చేతులు మారింది. అందులో నల్లటి పొడి. ఇదే అన్నారు. ప్లంబరు దాన్ని దీపం వైపు ఎత్తి చూసిన తీరు ఉందే, మొదటిసారి మనవణ్ణి ఎత్తుకున్న తాత కూడా అంత జాగ్రత్తగా పట్టుకోడు. పెద్దావిడ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ సీసాని రెండు చేతులతో అందుకుంది. తీర్థం పుచ్చుకున్నాక నెత్తిన రాసుకోలేదు, అదొక్కటే తక్కువ.

అప్పుడు చివరి కుర్చీలోంచి ఒకాయన లేచాడు. పాత లెక్కల మాస్టారిలా ఉన్నాడు. పోయిన సంవత్సరం ఎన్ని కిలోలు అమ్మారండీ అన్నాడు. ఎంతకి అని కూడా అడగలేదు, ఎన్ని కిలోలు అని మాత్రమే. అధినేతగారు చిరునవ్వుతో, గ్రాఫీన్‌ని కిలోల్లో చూడటం దాన్ని అర్థం చేసుకునే పద్ధతి కాదన్నారు. గది మొత్తం చప్పట్లు కొట్టింది. ఆ మాస్టారు కూర్చున్నాడు, ఆయన పక్క కుర్చీ వాళ్లు కొంచెం జరిగారు కూడా. బయటికొచ్చాక ప్లంబరు నాతో ఆయన డీరాంపర్ అన్నాడు. షేరుని కావాలని కిందికి లాగేవాడికి అక్కడి మదుపుదార్లు పెట్టుకున్న పేరది. కళ్యాణమండపంలో పెళ్లికొడుకు ఏం చేస్తుంటాడని అడిగినవాణ్ణి చూసినట్టు చూశారు ఆ మాస్టారిని. ఎంత ఐకమత్యం! మనలో మనకి ఇంత ఐకమత్యం ఉంటే అపార్ట్‌మెంట్ సంఘాలు ఎప్పుడో బాగుపడేవి.

ఆ సీసాలో ఏముందన్న సంగతి 2018లో కొందరు తుంటరి శాస్త్రవేత్తలు తేల్చడానికి పూనుకున్నారు. వాళ్లలో నొవొసెలొవ్ కూడా ఉన్నాడు, అంటే సాక్షాత్తూ దేవుణ్ణి కనుగొన్నవాడే గుళ్ల తనిఖీకి బయల్దేరాడు. అమెరికా ఖండాలు, ఆసియా, యూరపుల నుంచి 60 కంపెనీలు గ్రాఫీన్ అని అమ్ముతున్న పొడులు తెప్పించి పరీక్షించారు. పది పొరల దాకా ఉన్నా గ్రాఫీన్ కుటుంబంలోనే వేసుకున్నారు, అంత ఉదారంగా కొలిచారు. అయినా ఎక్కువ కంపెనీల సరుకులో పదో వంతు కూడా గ్రాఫీన్ లేదు. సగం దాటిన సరుకు ఒక్కటీ లేదు. మిగతాదంతా సన్నగా నూరిన గ్రాఫైట్, అంటే పెన్సిల్‌లో ఉండేది. మా ఊరి పాలవాడు నీళ్లు కలిపేవాడు గానీ, వాడి చెంబులో సగానికి పైగా పాలే ఉండేవి. వాడికి షేర్లు అమ్మాలన్న ఆలోచన రాలేదు, చదువులేనివాడు. ఈ పరిశోధన విన్న భక్తులు కదిలారా అంటే, కదల్లేదు. మిగతా 59 కంపెనీల వాటాదారుల మీద జాలి పడ్డారు. ఆ 60 కంపెనీల్లో ఏ కంపెనీ వాటాదార్లని అడిగినా అదే జాలి.

కంపెనీలని కూడా తక్కువ చేయకూడదు. గ్రాఫైట్‌ని పొరలు పొరలుగా ఒలవడం ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ చెమటలు పట్టించే పని. షేరుని ఒలవడంలో మాత్రం వాళ్లు ఎప్పుడో పారిశ్రామిక స్థాయి అందుకున్నారు. పద్ధతి ఇది: సాయంత్రం నాలుగున్నరకి మార్కెట్ మూస్తారు. మూశాక ప్రకటన వస్తుంది, కొత్త షేర్లు జారీ చేస్తున్నాం, ఇవాళ్టి ధర మీద ఇంత తగ్గించి, సంస్థాగత మదుపుదార్లకి. తెల్లారేసరికి అన్నీ పంచేసి ఉంటాయి. చిన్నవాడు అప్పటికి పళ్లు తోముకుంటూ ఉంటాడు. నిన్న వెయ్యో వంతుకి యజమాని, ఇవాళ పన్నెండు వందలో వంతుకి, పోనీ ఏమైంది, పలుచబడటమే కదా గ్రాఫీన్ గొప్పతనం. పెద్దవాళ్లకి తక్కువ ధరకి ఇచ్చారన్న వార్తని భక్తులు ‘పెద్దవాళ్లకి కూడా నమ్మకం కుదిరింది’ అని చదువుకుంటారు. ధర ఆ తగ్గించిన చోటికి పడగానే ఇంకొన్ని కొంటారు. దాన్ని సగటు తగ్గించుకోవడం అంటారు. నేనూ మూడుసార్లు తగ్గించుకున్నాను. నా సగటు చాలా బాగా తగ్గింది, దాంతో పాటు బ్యాంకు ఖాతా కూడా.

ఇలా ఒలుచుకుంటూ పోగా 210 పెన్నీల హేడేల్ పదేళ్లు తిరక్కుండానే పెన్నీ కిందికి దిగింది. ఒక పరమాణువు మందానికి ఇంకా దూరంలోనే ఉంది గానీ దారి మాత్రం సరైనదే. మార్కెట్‌కి వచ్చేటప్పుడు కోటీ పది లక్షల పౌండ్లు సేకరించిన అప్లైడ్ గ్రాఫీన్ 2023లో తన వ్యాపారాలని సుమారు 13 లక్షల పౌండ్లకి కెనడా సంస్థ యూనివర్సల్ మేటర్ చేతిలో పెట్టింది. దానికి తొలిరోజుల నుంచీ ఉన్న భక్తులు కొందరు, సాంకేతికత నిలబడింది చూశారా అని సంతోషించారు. నిలబడింది, నిజమే. కింద పడ్డది వాళ్లు.

గ్రాఫీన్ అసలు ఎందుకూ పనికిరాలేదనడం కూడా అపచారమే. 2013లో హెడ్ కంపెనీ టెన్నిస్ రాకెట్లలో కలిపింది. 2018లో ఇనోవ్ ఎయిట్ వాళ్లు మాంచెస్టర్ విశ్వవిద్యాలయంతో కలిసి కొండదారుల్లో పరుగెత్తే బూట్ల అడుగున వేశారు, ఆ ఏడే ఫోర్డ్ ఇంజిన్ చుట్టూ ఉండే భాగాల్లో వాడతామంది. ఈ కబుర్లు వచ్చిన ప్రతిసారీ మా వాళ్లకి పండగే. అందులో మన కంపెనీ పొడి లేదు కదా అంటే, ఎవరింట్లో పెళ్లయితేనేం, మేళం మన వీధిలోనే కదా అన్నట్టు చూసేవాళ్లు. ప్లంబరు ఆ బూట్లు కొన్నాడు. గట్టివే, రెండు చలికాలాలు దాటాయి. ఆ రెండు చలికాలాల్లో అతని షేరు పడినంత లోతుకి దిగే కొండ ఇంగ్లండులో లేదు.

మొన్న హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, గ్రాఫీన్ అంటున్నారు, కంపెనీ పేరేదైనా చెప్పవా, నువ్వు ఆ ఊళ్లోనే ఉన్నావు కదా” అన్నాడు. చాలా గొప్ప పదార్థంరా అన్నాను. ఉక్కుకన్నా రెండు వందల రెట్లు గట్టిది, పిల్లి కథ చెప్పాను, నోబెల్ సంగతి చెప్పాను. అవతల చెవులు రిక్కించుకున్న చప్పుడు వినిపించింది. చెబుతున్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చి, కూర మాడుతోందని ఫోన్ పెట్టేశాను.

ఆ రాత్రి బీరువా తెరిచి నా షేర్ సర్టిఫికెట్ తీశాను. మడత దగ్గర చిరిగి ఉంది. ఎప్పుడో టేపు ముక్క అతికించాను, అది పసుపు పచ్చగా మారిపోయింది. కొత్తది వేద్దామని పాతదాన్ని మెల్లిగా లాగితే, నా పేరులో మొదటి మూడు అక్షరాలు సన్నటి పొరగా దాంతో పాటే లేచి వచ్చేశాయి.