ప్లాస్టర్ మీద ప్లాస్టర్

అరకు కొండల్లో, వానాకాలంలో ఆసుపత్రి డ్యూటీ చేసినవాళ్లకు ఒక అలవాటు పడిపోతుంది. ఎవరైనా చలితో వణుకుతున్నారంటే చెయ్యి దానంతటదే మలేరియా కిట్ మీదికి పోతుంది. మంచి అలవాటే. దాని చాటున నేను చేసిన బుద్ధితక్కువ పని ఇన్నేళ్లకు బయటికి చెబుతున్నాను.

వలిసె పూసే రోజులు. ఒక రాత్రి పదిహేనేళ్ల పోర్జా పిల్లను తెచ్చారు. ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణుంచి 108. నిమోనియా. ఆ కుదుపుల్లో, చీకట్లో, బండిలోనే కుడిచేతికి క్యాన్లా, అంటే మందెక్కించే సన్నటి గొట్టం, పెట్టారు. అలాంటి చోట నరం దొరకడమే గొప్ప. అయితే హడావిడిలో పెట్టిన క్యాన్లాను రెండు రోజుల్లోపు తీసేసి, శుభ్రంగా మరోచోట పెట్టాలి. నేను చదివి పాసైన పాఠమే అది. పిల్ల బక్కపలచన, మళ్లీ నరం చిక్కదేమోనని భయం. పనిచేస్తున్నదాన్ని పీకడం ఎందుకనుకున్నాను. ప్లాస్టర్ తడిసి అంచులు లేస్తే విప్పి చూడలేదు. దాని మీదే ఇంకోటి అంటించాను.

ఐదో రోజు పొద్దున ఇంజక్షన్ ఇచ్చిన అరగంటకు పిల్ల మంచం కదిలేలా వణికింది. కిట్ పెట్టాను, నెగెటివ్. సాయంత్రం ఇంజక్షన్ తర్వాత మళ్లీ అదే వణుకు. ఇంకో కిట్ తీశాను.

తల్లి నా దగ్గరికి వచ్చింది. వాళ్లింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. తెలుగు కూడబలుక్కుంటూ, “సిస్టరమ్మా, ఆ సూదిలో మందు పోసినాకే వణుకొస్తంది” అంది. మర్నాడు పొద్దున మళ్లీ అదే మాట, ఈసారి పిల్ల చెయ్యి ఎత్తి చూపిస్తూ.

“ముందు నువ్వు చేతులు కడుక్కో. మట్టి చేతులతో ముట్టుకుంటే జ్వరాలు రాక ఏమొస్తాయి?” అన్నాను. వయసులో నాకంటే పెద్దావిడ. తన అరచేతులు ఒకసారి చూసుకుని వెళ్లి మంచం పక్కన కూర్చుంది.

ఆ పూట నా చేతుల సంగతి కూడా చెప్పాలి. నీళ్లు రావడం లేదని, ఒకే జత గ్లవ్స్‌తో నలుగురికి ఇంజక్షన్లు ఇచ్చాను. క్యాన్లా మూత తీసి దుప్పటి మీద పెట్టి, మందు ఎక్కించి, అదే మూత మళ్లీ బిగించాను. ఆ మూతి దగ్గర స్పిరిట్ దూదితో పదిహేను సెకన్లు గట్టిగా రుద్ది, ఆరనిచ్చి, అప్పుడు సిరంజి తగిలించాలి. నేను దూది తాకించి వదిలేసేదాన్ని, ఒక్కోసారి అదీ లేదు. నీళ్లు లేవన్నది సాకు కూడా కాదు. స్పిరిట్, గ్లిజరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి ఆసుపత్రిలోనే చేతుల మందు తయారుచేసుకునే కొలతలు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ఇచ్చింది. అర నిమిషం రుద్దుకుంటే చాలు, చుక్క నీరు అక్కర్లేదు.

ఏడో రోజు పొద్దున డ్యూటీకొచ్చిన పెద్ద సిస్టర్ ఆ రెండు ప్లాస్టర్లూ విప్పింది. క్యాన్లా చుట్టూ చీము. నరం వెంబడి మోచేతి దాకా ఎర్రటి గీత. ఆవిడ నన్నొక్క మాట అనలేదు. పిల్లను ఘాట్ రోడ్డు మీదుగా విశాఖ పంపారు. అక్కడ రక్తంలో స్టెఫైలోకాకస్ పెరిగింది. మనందరి చర్మం మీదా, ముక్కులోనూ ఉండే క్రిమే అది. గొట్టం వెంట నరంలోకి దారి దొరికితే మనిషిని చంపుతుంది. పిల్ల బతికింది. ఇంటికి చేరేసరికి నెల తిరిగింది. ఆ నెల తల్లి పిల్ల పక్కనే ఉంది, చేలో చోళ్లు కోసే మనిషి లేకపోయింది.

తర్వాత ఒక శిక్షణ తరగతిలో అమెరికాలోని మిషిగన్ సంగతి విన్నాను. మెడలోనో ఛాతీలోనో పెట్టే పెద్ద లైన్ల విషయంలో పీటర్ ప్రొనోవోస్ట్ అనే డాక్టర్ బృందం నూటికి పైగా ఐసీయూల్లో ఐదు పనులు పక్కాగా చేయించింది. చేతులు కడగడం, పూర్తి ముసుగు, గౌను, రోగిని కప్పే స్టెరైల్ గుడ్డలతో లైన్ పెట్టడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంత వరకు తొడ దగ్గర పెట్టకపోవడం, అవసరం తీరగానే తీసేయడం. ప్రతి వెయ్యి లైన్ రోజులకు సగటున 7.7గా ఉన్న రక్త ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు పడిపోయాయి. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఐదింట్లో ఒక్కటి తప్పినా డాక్టర్‌ను ఆపే అధికారం అక్కడ నర్సుకు ఇచ్చారు. అది విన్నప్పుడు నాకు ఆ తల్లే గుర్తొచ్చింది. ఆవిడ నన్ను ఆపాలని చూసింది, రెండుసార్లు. మందు వేళకూ వణుకు వేళకూ ఉన్న లంకెను చదువు లేని ఆవిడ పట్టుకుంది. డిప్లొమా ఉన్న నేను ఆవిడ చేతుల్లో మట్టి వెతికాను.

మన్యంలో పనిచేసే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక్క మాట. చలిజ్వరం చూస్తే మలేరియా కిట్ తీయండి, తప్పకుండా తీయండి. కిట్ ఫలితం వచ్చేలోపు చేతులు శుభ్రం చేసుకుని, ఆ ప్లాస్టర్ విప్పి చూడండి. పక్కన కూర్చున్న తల్లిని, వణుకు ఎప్పుడు మొదలైందని అడగండి.